మా కాలువకు రాబోయే ఏఈ గారికి



మీరెవరో నాకు తెలియదు. ఏ ఊరివారో, మగవారో ఆడవారో కూడా తెలియదు. గుడ్లవల్లేరు వైపు కాలువకు కొత్త ఇంజనీరు వస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా ఎవరో ఒకరు వస్తారు కదా. ఎవరు వచ్చినా చదువుకునేలా ఉంటుందని పత్రికకు రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఇనప బీరువా అడుగు అరలో 31 పుస్తకాలున్నాయి. అవి మా తాతయ్యవి. అమ్మ వాళ్ళ నాన్న. మీ శాఖలోనే లస్కరుగా పనిచేశారు. లస్కరంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు గానీ ఈ ఉత్తరం నలుగురూ చదువుతారు కాబట్టి చెబుతాను. తూము తలుపులు ఎత్తేదీ దించేదీ ఆయనే. గట్టు వెంట నడిచి ఎక్కడ ఎలక బొరియ పడిందో, ఎక్కడ ఎండ్రకాయ కన్నం పెట్టిందో చూసేదీ ఆయనే. గేజీ రాయి మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రాయాలి. పడవలు తిరిగిన రోజుల్లో లాకు తలుపులు తీసి పడవను దాటించాలి. జీతాల పట్టీలో మాత్రం అందరికంటే కిందుండే పేరు.

పుస్తకాలంటే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల కొట్టువాళ్ళు ఏటా ఇచ్చే డైరీలు కొన్ని, పిల్లలు సగం రాసి వదిలేసిన లాంగ్ నోటుబుక్కులు కొన్ని. ఒకటైతే మా పెద్ద మామయ్య పెళ్ళి చదివింపుల పుస్తకం. ముందు నుంచి చదివింపులు, వెనక నుంచి కాలువ. ఆఫీసు రిజిస్టరు ఆఫీసుకు పోయేది, ఇవి ఆయన సొంతానికి రాసుకున్నవి. ఒక రోజుకు రెండు మూడు లైన్లకు మించవు. “గేజీ మూడడుగుల నాలుగంగుళాలు. పడమటి గాలి. మూడో తూము కింద చెమ్మ. చిన్న బోదె రైతులు గొడవ, వంతు మార్చా. అమ్మడికి జ్వరం.” అంతే. మా అమ్మ పుట్టిన రోజు ఫలానా అని మా ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయేవారు. అదీ ఆ పుస్తకాల్లోనే దొరికింది. “పైనుంచి నీళ్ళు తగ్గాయి. రెండోసారీ ఆడపిల్లే. ఇద్దరూ క్షేమం.” నీళ్ళు ముందు, మా అమ్మ తర్వాత. ఇది చదివి మా అమ్మ ఒక పూట మాట్లాడలేదు, మర్నాడు అందరికీ చదివి వినిపించి నవ్వింది.

చిన్నప్పుడు వేసవి సెలవులకు, ఆ తర్వాత కాలువ వదిలిన మొదటి రోజులకు నేను లాకు దగ్గరి క్వార్టర్సులోనే ఉండేదాన్ని. సున్నపు గోడలు, పెంకుటిల్లు, ముందు చింతచెట్టు. రాత్రి తాతయ్య గేజీ చూడడానికి వెళుతుంటే వెంటపడేదాన్ని. మెట్ల దాకా బ్యాటరీ లైటు వేసేవారు. మెట్లు రాగానే ఆర్పేసేవారు. “లైటేస్తే పైన నీళ్ళు మెరుస్తాయే తప్ప ఏమీ తెలీదమ్మడూ” అనేవారు. చీకట్లోనే కుడిచేత్తో రాయి తడుముతూ దిగి, తడి తగిలిన మెట్టు దగ్గర ఆగేవారు. అక్కడ వంగి అరచెయ్యి నీళ్ళలో ఆనించి కాసేపు అలాగే ఉంచేవారు. చేతికి నీళ్ళ తోపుడు తెలుస్తుందట. నిన్నటికంటే మెల్లగా ఉంటే కింద ఎక్కడో అడ్డం పడిందని, జోరుగా ఉంటే ఎవరో గట్టు కోసుకున్నారని. తర్వాత పైకొచ్చి తలుపు మరకున్న ఇనప కడ్డీకి చెవి ఆనించేవారు. తలుపు కింద రాయో కర్రో ఇరుక్కుంటే చప్పుడు పీలగా వస్తుంది. నేనూ చెవి పెట్టి విన్నాను. నాకు చల్లగా తగిలింది, గ్రీజు వాసన వేసింది, అంతే. ఆ గ్రీజు చెంపకు అంటుకుంటే అమ్మమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచేది, ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఈ కాలువల కథ మీరు పాఠంగా చదువుకునే వచ్చి ఉంటారు. 1832–33 నాటి నందన కరువులో ఈ సీమ సగం ఖాళీ అయ్యాక, ఆర్థర్ కాటన్ ఆలోచనతో కెప్టెన్ ఓర్ 1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. దాదాపు వందేళ్ళు నిలిచి 1952లో తెగింది. 1957 చివరికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది, 70 గేట్లతో. అప్పుడు తాతయ్యకు 15 ఏళ్ళు. వాళ్ళ నాన్న ఆయన్ని రైల్లో తీసుకెళ్ళి బ్యారేజీ చూపించారట. అందరూ గేట్లు లెక్కపెడుతుంటే ఈయన గేట్లు ఎత్తే మనిషి ఎక్కడుంటాడని అడిగారట. 13 లక్షల ఎకరాల డెల్టా ఇది. కాటన్ దొర విగ్రహానికి ఏటా దండలు వేస్తాం. మరి లస్కర్ల పేరు ఎవరూ తలవరేమని నేనోసారి తాతయ్య దగ్గర ఆవేశపడ్డాను. ఆయనకు ఆ బాధ లేనేలేదు. ఆయన బాధంతా గ్రీజు డబ్బా సమయానికి రాకపోవడం గురించే.

మాది శివారు వైపు. మా కిందికి పోతే పెడన, బంటుమిల్లి, కృత్తివెన్ను, ఆపైన ఉప్పునేల, సముద్రం. బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలిన రోజు ఫోటోతో సహా పేపర్లో వస్తుంది. పసుపూ కుంకుమా చల్లుతారు, చీర వదులుతారు. ఆ నీళ్ళు ఆఖరి బోదెకు ఎన్నో రోజున చేరాయో ఏ పేపర్లోనూ రాదు. తాతయ్య పుస్తకాల్లో ఏ ఏటికాయేడు ఉంది. ఏ ఏడు నీళ్ళు ఎక్కడ ఎన్ని రోజులు ఆగాయి, ఎందుకాగాయి, గుర్రపుడెక్క ఏ వంతెన కింద పేరుకుంది, ఏ గట్టు ఏ వైపు జారుతుంది, ఎవరి నారుమడి ఎండింది, అన్నీ. “పైవాడికి కాలువలో నీళ్ళు కనపడతాయి, కిందవాడికి కాలువ కనపడుతుంది” అనేవారు. ఊడ్పుల రోజుల్లో వంతు తప్పిందంటే పారలు లేచేవి. ఎగువ రైతు బోదెలో గడ్డిమోపు అడ్డం పెట్టేవాడు, దిగువ రైతు రాత్రికి రాత్రి వచ్చి పీకేసేవాడు. మధ్యలో ఈయన. ఏ సీజన్లోనూ తెల్లవార్లూ నిద్రపోయిన మనిషి కాదు.

అంతమాత్రాన తాతయ్యను దేవుణ్ణి చేయబోవడం లేదు. ఒకసారి తప్పు చేశారు. నీళ్ళకు కటకటగా ఉన్న ఏడు రాత్రిపూట రెండు గంటలసేపు శివారు వంతు నీళ్ళు సొంత బావమరిది చేలోకి పెట్టారు. ఎవరూ చూడలేదు. తెల్లారి ఆయనే సైకిలేసుకుని శివారుకు పోయి, చేల గట్టు మీద రైతులందర్నీ పిలిచి, రాత్రి మీ నీళ్ళు ఇలా మా బావమరిదికి పెట్టాను, ఇవాళ రాత్రి వాడి వంతులో రెండు గంటలు మీకు పెడతాను అని చెప్పి వచ్చారు. పెట్టారు కూడా. ఆ బావమరిది రెండేళ్ళు మా గడప తొక్కలేదు. అమ్మమ్మకు రెండు సంక్రాంతులు పుట్టింటి అరిసెలు లేవు, చీర లేదు. తాతయ్య నిజాయితీని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. దానికి మూల్యం మాత్రం అమ్మమ్మ చెల్లించింది. ఆ సంగతి పుస్తకంలో లేదు, ఆవిడే చెప్పింది. చెప్పేటప్పుడు కూడా, ఆ రెండు గంటల నీళ్ళతో తమ్ముడి చేను బతికేదని అంది.

జీతంతో ఇల్లు గడిచేది కాదు. మొదట చాలా ఏళ్ళు వర్క్‌ఛార్జ్‌డ్ మనిషి, పర్మనెంటు తర్వాతెప్పుడో. అమ్మమ్మ రెండు గేదెల్ని మేపి పాలు పోసేది, కాలువ గట్టు గడ్డే వాటికి మేత. పడవలవాళ్ళు తిరిగినన్నాళ్ళూ బందరు వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు ఇచ్చి పోయేవారట. లాకులో పడవ నిలిచి, నీళ్ళు నిండి పైకి లేచేలోపు వంట కూడా చేసుకునేవారట. నేను పుట్టేసరికి పడవలు పోయాయి. నలుగురు పిల్లల పెళ్ళిళ్ళు, రెండు పురుళ్ళు, ఒక ఆపరేషను, అన్నీ ఆ గేదెల మీదే అని అమ్మమ్మ లెక్క చెబుతుంది. నన్ను అంగలూరు డైట్‌లో టీచరు ట్రైనింగుకు చేర్చినప్పుడు తాతయ్య రిటైరై ఉన్నారు. సైకిలు కొనిచ్చి, మొదటి వారం తన సైకిలు మీద నా వెనకే వచ్చారు. త్రిపురనేని గోపీచంద్ పుట్టిన ఊరే ఇది, బాగా చదువుకో అన్నారు. గోపీచంద్ ఏం రాశారో ఆయనకు తెలియదు. అంగలూరు బోదెకు ఎన్ని తూములున్నాయో తెలుసు.

ఇప్పుడు 1977 సంగతి. దీని గురించే ఎక్కువ రాయాలనుకున్నాను, రాయబోతే దొరికింది తక్కువ.

ఆ ఏడు అక్టోబరులో ‘యమగోల’ వచ్చింది. మా పక్కనున్న కవుతరం నుంచి వెళ్ళిన కైకాల సత్యనారాయణ అందులో యముడు. మావాళ్ళందరికీ అది ఇంట్లో పెళ్ళి లాంటిది. తాతయ్య గుడివాడ వెళ్ళి రెండుసార్లు చూశారట. ఎప్పుడు చూసినా పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటారని రైతులు ఆయనకు ‘చిత్రగుప్తుడు’ అని పేరు పెట్టారు. ఆ పేరు నెల్లాళ్ళే నడిచింది. నవంబరు 19 శనివారం. మధ్యాహ్నం నుంచే గాలి. మా అమ్మకు అప్పుడు పదకొండేళ్ళు, ఆమెకు గుర్తున్నది ఇది. తాతయ్య నడుముకు తాడు కట్టుకుని రెండో కొస చింతచెట్టుకు కట్టమని అమ్మమ్మకిచ్చి, సర్‌ప్లస్ తలుపులు ఎత్తడానికి వెళ్ళారు. మామూలుగా ఇద్దరు తిప్పే మర. రెండో మనిషి రాలేకపోయాడు. ఎంతసేపటికీ తాడు కదలకపోతే అమ్మమ్మ లాగి చూసింది. అవతల నుంచి తాతయ్య రెండుసార్లు లాగారు, ఉన్నాను అన్నట్టు. అలా రాత్రంతా. మా గట్టు తెగలేదు.

పెద్దవాళ్ళు 1864 బందరు ఉప్పెన కథలు చెబుతుంటే వింటూ పెరిగిన ఊళ్ళు ఇవి. అయినా దివిసీమలో ఏం జరిగిందో మాకు రెండు రోజుల దాకా తెలియలేదు. మాకు గాలి వచ్చింది, కోతకొచ్చిన చేలు పడుకున్నాయి. అక్కడ సముద్రమే వచ్చింది. తెలిసిన రోజునే తాతయ్య సైకిలు మీద గడ్డపార, గొడ్డలి, తాడు కట్టుకుని పామర్రు, కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి మీదుగా, దారికడ్డం పడిన చెట్లు నరుక్కుంటూ వెళ్ళినవాళ్ళతో కలిసి వెళ్ళారు. పులిగడ్డ దాటి అవనిగడ్డ, ఆపైన ఇంకా కిందికి. సర్కారు లెక్కకే పదివేల మందికి పైగా పోయారు. ఆయన అక్కడ పదకొండు రోజులున్నారు. ఏం చేశారో చూసినవాళ్ళు చెప్పారు, ఆ తాడుతో ముళ్ళకంపల్లోంచి, బురదలోంచి శవాల్ని లాగి దహనం చేసే గుంపులో ఉన్నారని. ఆయన ఏమీ చెప్పలేదు. పుస్తకంలో ఆ పదకొండు రోజులూ ఖాళీ. పన్నెండో రోజున “గేజీ రెండడుగులు. ఇంటికొచ్చా.” అని ఉంది. సెలవు చీటీ లేకుండా వెళ్ళారని ఆ రోజుల జీతం కోశారు. రూలు అంతే, ఆయన కూడా మారు మాట్లాడలేదు. తాడు తిరిగి తేలేదు. చాలా ఏళ్ళు చేపలు ముట్టలేదు. ఎందుకని అడిగితే పైత్యం అనేవారు. ‘యమగోల’ పేరెత్తితే లేచి గట్టు మీదికి పోయేవారు. రైతులు చిత్రగుప్తుడనడం మానేశారు.

1997లో చట్టం వచ్చి నీటి సంఘాలు పెట్టారు. రైతుల కాలువ రైతుల చేతికి రావడం మంచిదేనన్నారు తాతయ్య. “మీటింగు సంఘం పెడుతుంది. తలుపు సంఘం ఎత్తదుగా” అని కూడా అన్నారు. 2002లో రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయన చోటు నిండలేదు. సీజన్లో నాలుగు నెలలు ఎవరో కుర్రాళ్ళు వచ్చేవారు, మళ్ళీ ఏడు వేరే కుర్రాళ్ళు. పిల్లల తప్పేముంది, వాళ్ళకు నేర్పేవాళ్ళెవరు? తాతయ్య మాత్రం మోకాళ్ళు ఆగేదాకా నడుస్తూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. 2015లో పట్టిసీమ దగ్గర పంపులు పెట్టి, పోలవరం కుడికాలువ మీదుగా గోదావరి నీళ్ళు కృష్ణలో కలిపారు. మా కాలువకు అవి వచ్చినప్పుడు నా స్కూటీ ఎక్కి వెళ్ళి, దోసిట్లో పట్టి చూసి వచ్చి రాశారు. “గోదారి నీళ్ళట. ఎర్రగా ఉన్నాయి. తూము దగ్గర మామూలే.” పైన నది మారినా కింద పని మారలేదన్నమాట.

చివరిసారి ఆయన టీవీ ముందు నుంచి లేవకుండా కూర్చున్నది 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్ పలకలు దింపించి ఆయన నీళ్ళాపారు. వారం తిరక్కుండా పని అయింది. మళ్ళీ సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దినప్పుడూ ఆయన్నే పిలిచారు. ఇంట్లో అందరం ఆ పెద్దాయన్ని పొగుడుతున్నాం. తాతయ్య అప్పటికి 82 ఏళ్ళవారు. చాలాసేపు చూసి, “బాగానే ఉంది. ఈయన తర్వాత ఎవరిని పిలుస్తారే?” అన్నారు. ఎవరమూ జవాబు చెప్పలేదు. బ్యారేజీ దాకా తీసుకెళ్ళమని అడిగారు. రోడ్ల మీద నీళ్ళు తగ్గాక వెళదామన్నాను. ఆ మాఘమాసంలో పోయారు.

దినానికి రైతులు చాలామంది వచ్చారు. లాకు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, పెళ్ళి ఫోటోలోంచి తీసిన బొమ్మకు కోటు తగిలించి. జన్మలో కోటు వేసుకోని మనిషి. సిమెంటు బెంచీ వేసి పేరు రాయిద్దామని కొందరన్నారు. వేస్తే కూర్చుంటారు, కాదనను. కానీ నేను మిమ్మల్ని అడిగేది బెంచీ గురించి కాదు.

ఈ పుస్తకాలు చూడడానికి ఒకసారి రండి. మీకు తీరిక లేకపోతే, 1998 నుంచీ మా ఊళ్ళోనే ఇంజనీరింగు కాలేజీ ఉంది, పొద్దున రైలు దిగి గుంపులు గుంపులుగా పోయే పిల్లల్లో సివిల్ వాళ్ళను నలుగుర్ని పంపండి. పేజీలన్నీ ఫోటోలు తీసుకుంటారు, ఏ ఏడు నీళ్ళు ఎక్కడెక్కడ ఆగాయో పటం గీస్తారు. అచ్చులో ఉన్న ప్లాన్లలో లేనివి కొన్ని అందులో ఉన్నాయని నా అనుమానం. ఒక చోట రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత తూము పూడిపోయిందనీ, దాని కింద గొట్టం ఇంకా ఉందనీ రాసి, బొమ్మ వేశారు. ఆయనతో పనిచేసిన మనిషి ఒకరు మిగిలారు, డెబ్బై ఐదు దాటాయి, కళ్ళు సరిగా ఆనవు గానీ ఆ చోటు చూపించగలరు. పేరు ఇక్కడ రాయను, వస్తే తీసుకెళతాను. కాలువ వదలకముందే రావాలి. నీళ్ళొచ్చాక అడుగు కనపడదు. గట్టు మీద తుమ్మముళ్ళు ఎక్కువ, గట్టి చెప్పులు వేసుకోండి. జీపు కొంత దూరమే వస్తుంది.

రైలు గేటు దగ్గర లస్కరు గారి ఇల్లని అడిగితే ఎవరైనా చెబుతారు. బడి వదిలాక సాయంత్రం నాలుగున్నర నుంచి ఇంట్లోనే ఉంటాను. ఒక్క మనవి. 31వ పుస్తకంలో ఆఖరి లైను, అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి గానీ చదవొచ్చు. “మర బిగుసుకుంది. గ్రీజు అడగాలి.” ఎవరినైనా అడిగారో లేదో తెలియదు. వచ్చేటప్పుడు ఒక డబ్బా పట్టుకురండి.

ఇట్లు,
లస్కరు గారి మనవరాలు,
గుడ్లవల్లేరు